బందరు ప్యాసింజరులో పార్టిషన్ దావా

బందరు వైపు పార్టిషన్ అంటే ఒకటే అర్థం, అన్నదమ్ములు కోర్టుకెక్కారని. చిన్నప్పట్నుంచీ తెలిసిన సంగతే గానీ, ఆ రోజు గుడివాడ స్టేషన్లో ప్యాసింజరెక్కి, కిటికీ పక్కన సీటు దొరికిన సంబరంలో మర్చిపోయాను. ఫోన్లో మా మేనల్లుడితో కాస్త గట్టిగానే మాట్లాడుతున్నా.

"ఒరే, నాలుగు పార్టిషన్లూ నిండిపోయాయిరా. ఐదోది కుదరదంటోంది. ఒకదాన్ని లేపేసి ఆ జాగా మళ్ళీ పంచాలి. అసలు 'డి'కి ఎక్కువిచ్చేశాను, అక్కడొచ్చింది గొడవ."

ఫోను జేబులో పెట్టేసరికి ఎదురు సీట్లో పెద్దాయన నన్నే చూస్తున్నాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, దాంట్లో దారంతో కట్టిన కాగితాల కట్ట.

"ఎవరండీ మీ ప్లీడరు?" అన్నాడు.

"ప్లీడరు లేడండీ. నేనే చేసుకుంటున్నా."

"అయ్యయ్యో, అలా సొంతంగా చేసుకోకూడదండీ. ఎన్నెకరాలు?"

"ఎకరాలు కాదండీ, అయిదొందల జీబీ."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, అదేదో కొత్త కొలత అనుకున్నాడో ఏమో, గంభీరంగా తలాడించాడు. నేను సంచిలోంచి లాప్‌టాప్ తీసి చూపించి అసలు సంగతి చెప్పాక పగలబడి నవ్వాడు. నవ్వు అయ్యాక తన సంగతి చెప్పాడు. గుడివాడ కోర్టులో తను గెలిచాడట, తమ్ముడు బందరుకి అప్పీలుకెళ్ళాడట. పదకొండో ఏడు. ఇవాళ వాయిదా.

"పొలం పెద్దదాండీ?" అన్నాను.

"పొలానికి గొడవేముందండీ? గొలుసేసి కొలిచి, సగం సగం గట్టేసుకున్నాం. ఒక పూట పని. గొడవంతా మూడడుగుల సందు, ఒక బావి. సందు నా వాటాలోంచి పోతుంది, బావి వాడి వాటాలో ఉంది. వాటాల కోసం ఎవరూ కొట్టుకోరండీ. దారి కోసం, నీళ్ళ కోసం కొట్టుకుంటారు."

ఈయనకి కంప్యూటరు తెలియకపోవచ్చు గానీ, నా లాప్‌టాప్ జబ్బు నాకన్నా బాగా పట్టుకున్నాడనిపించింది. బండి గుడ్లవల్లేరు దాటింది. మీరూ తీరిగ్గానే ఉన్నట్టున్నారు, మొదట్నుంచీ చెబుతా వినండి.

నాకు గుడివాడలో చిన్న డీటీపీ షాపుంది. పెళ్ళి కార్డులు, గృహప్రవేశాలు, పెదకర్మ కార్డులు, ఎలక్షనొస్తే కరపత్రాలు. ఒక లాప్‌టాప్‌లో మూడు ఆపరేటింగ్ సిస్టములేంటని మా ఆవిడ అడగని రోజు లేదు. "ఒకదానితోనే రోజూ పోట్లాడతారు, ఇంకో రెండు తెచ్చి పెట్టుకున్నారా" అని ఆవిడ బాధ. కానీ మూడూ అవసరమే.

మొదటిది పాత విండోస్, ఏడో నంబరు. తెలుగునాట డీటీపీ షాపుల్లో సగం బతుకు పేజ్‌మేకర్‌లో ఉంది, రెండో సగం అను ఫాంట్లలో ఉంది. పేజ్‌మేకర్ ఏడో వెర్షన్ 2001లో వచ్చింది. ఆ తర్వాత పెద్ద వెర్షన్ మరి రాలేదు. అను ఫాంట్ల కిటుకేంటంటే, అందులో తెలుగు అక్షరం లోపల నిజంగా తెలుగు అక్షరం కాదు. ఇంగ్లీషు అక్షరాలకీ, యూరపు భాషల గుర్తులకీ కేటాయించిన గళ్ళలో మన తలకట్లూ గుళ్ళూ కొమ్ములూ వత్తులూ బొమ్మలుగా కూర్చోబెట్టారు. ఆ ఫాంటున్న మిషన్లో అది శుభలేఖ. లేని మిషన్లో అదే ఫైలు తెరిస్తే, కీబోర్డు మీద పిల్లి నడిచినట్టుంటుంది. యూనికోడ్‌లో తెలుగుకి సొంత ఇల్లు 1991లోనే కట్టారు, 128 గళ్ళ ఇల్లు. కానీ ఇరవయ్యేళ్ళ పెళ్ళి కార్డుల డిజైన్లు, వినాయకుడి బొమ్మా పూర్ణకుంభాల బార్డర్లతో సహా, నా దగ్గర పాత పద్ధతిలోనే ఉన్నాయి. వాటిని వదులుకుంటే షాపు మూసుకోవాలి. అందుకని ఏడో నంబరు ఉండాలి. దాని కంపెనీ మద్దతు 2020 జనవరి 14న ఆగిపోయింది కాబట్టి దానికి ఇంటర్నెట్ మాత్రం చూపించను. ముసలాయన్ని బజారుకి పంపనట్టే.

రెండోది పదో నంబరు విండోస్. జీఎస్టీ పనులకీ, కస్టమర్లు తెచ్చే కొత్త ఫైళ్ళకీ. దానిక్కూడా 2025 అక్టోబరు 14తో కాలం చెల్లింది. నా లాప్‌టాప్ వయసుకి పదకొండో నంబరు రమ్మన్నా రాదు. దానికి టీపీఎం అనే చిప్పు రెండో రకంది ఉండాలి, సెక్యూర్ బూట్ ఉండాలి. అవేవీ పుట్టుకతో దీనికి లేవు.

మూడోది లైనక్స్. ఇది అవసరం కన్నా మోజు అనుకోండి. 2004లో ఉబుంటు మొదలైన తర్వాత కొన్నేళ్ళపాటు, అడిగినవాడికల్లా సీడీ ఉచితంగా పోస్టులో పంపేవారు. 2011లో ఆపేశారు. నాకొచ్చిన రోజు పోస్టుమాన్ మా వీధి మొదట్లోనే "మీ అబ్బాయికి ఫారిన్ కవరొచ్చిందండోయ్" అని మా నాన్నతో కేకేశాడు. సాయంత్రానికల్లా వీధిలో నాకు అమెరికా వీసా వచ్చేసింది. ఇద్దరు పిల్లనిస్తామని కూడా కబురు పెట్టారు. కవర్లో ఉన్నది సీడీ అని తెలిశాక ఆ కబుర్లు ఎటుపోయాయో పోయాయి, నాకు లైనక్స్ మాత్రం మిగిలింది.

దాంట్లో నాకు నచ్చినదొకటి చెప్పాలి. హైదరాబాదు స్వేచ్ఛ వాళ్ళూ, వాళ్ళలాంటి ఇంకొందరూ కష్టపడి దాని మెనూలన్నీ తెలుగులో పెట్టారు. ఫైలుని 'దస్త్రం' అన్నారు. తెలుగులో మెనూలు పెట్టుకుని పని చేయడం నా వల్ల కాలేదు, నిజం చెప్పాలిగా. చెయ్యి 'ఫైల్' కోసం వెతుక్కుంటుంది. కానీ దస్త్రం అన్న మాట చూడగానే మా తాతగారి ఊళ్ళో కరణంగారి ఎర్రగుడ్డ మూట కళ్ళ ముందుకొచ్చింది. ఎవరి పొలం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో ఆ మూటలో ఉండేది. పొలం మీద ఏమీ రాసుండదు. అక్కడుండేది మట్టి, గట్టు, రెండు సర్వే రాళ్ళు. ఎవరిదన్నది దస్త్రంలోనే. నిమ్మకూరు రామారావుగారు ముఖ్యమంత్రిగా 1984లో కరణీకాలు రద్దు చేసేదాకా ఊరికి అదే పార్టిషన్ టేబుల్.

అవునండీ, హార్డ్‌డిస్క్‌లో కూడా అంతే. పాతకాలం పద్ధతిలో డిస్కు మొట్టమొదటి సెక్టారే కరణం మూట. మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్లు మిషన్‌ని లేపే చిన్న ప్రోగ్రాముకి. ఆ తర్వాత 64 బైట్లలో నాలుగు వరసలు, వరసకి 16 బైట్లు. ఏ వాటా ఎక్కడ మొదలు, ఎంత పొడుగు, ఏ రకం పంట. చివర రెండు బైట్లు ముద్ర. 1983లో డాస్ రెండో వెర్షన్‌తో వచ్చిన ఏర్పాటిది. నాలుగు వరసలు చాలవా అనుకున్నారు పాపం, అప్పటి హార్డ్‌డిస్క్ పది మెగాబైట్లు.

నా లాప్‌టాప్ కంపెనీ వాళ్ళు, పేరెందుకు లెండి, నాలుగు వరసలూ ముందే నింపేసి అమ్మారు. స్టార్టింగు సామానుకో ముక్క, సి డ్రైవు, రికవరీకో ముక్క, వాళ్ళ టూల్సుకో ముక్క. ఇల్లు కొనుక్కుని లోపలికెళ్తే నాలుగు గదుల్లో మూడిటికి బిల్డరు తాళాలేసుకున్నట్టు.

ఇలాంటప్పుడు చేయాల్సిందేంటంటే, ఒక వరస ఖాళీ చేసి దాన్ని ఉమ్మడి ఖాతాగా రాయించాలి. ఎక్స్‌టెండెడ్ అంటారు. దాని లోపల ఎన్ని చిన్న వాటాలైనా వేసుకోవచ్చు. వాటి లెక్క వాటి దగ్గరే గొలుసులా ఉంటుంది. లైనక్స్ అలాంటి వాటాలో కూడా హాయిగా కాపురం చేస్తుంది. ఇది తెలిసే ఉంటే ఈ కబురే ఉండేది కాదు. నేనేం చేశానంటే, విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సి లోంచి కొంత కుదించి, ఆ ఖాళీ జాగా మీద కొత్త వాటా వెయ్యమన్నాను. 'ఈ డిస్కుని డైనమిక్ డిస్కుగా మార్చాల్సి వస్తుంది, మార్చనా?' అని అడిగింది. డైనమిక్ అంటే చురుకైనది కాబోలనుకున్నా. కింద ఇంకో నాలుగు లైన్లు హెచ్చరిక కూడా ఉంది. చూశాను గానీ చదవలేదు. ఔనన్నాను.

ఇది చెబుతుంటే పెద్దాయన మధ్యలో అందుకున్నాడు. "అంటే కాగితం చదవకుండా వేలిముద్ర వేసేశారన్న మాట."

సరిగ్గా అంతే. డైనమిక్ అనేది విండోస్ ఇంటి లోపలి లెక్క. అది బయటివాళ్ళకి అర్థం కాదు. లైనక్స్ సీడీ పెట్టి చూస్తే దానికి నా డిస్కులో పంచుకోవడానికి వీలైన జాగాయే కనపడలేదు. వెనక్కి మామూలు డిస్కుగా మార్చాలంటే ఉన్న సామానంతా బయటపెట్టి, మొత్తం చెరిపి, మళ్ళీ మొదట్నుంచీ గట్లు వేసుకోవాలి. దానికే బందరు ప్రయాణం, మేనల్లుడి దగ్గరికి.

సామాను బయటపెట్టడమంటే బ్యాకప్. ఆ మాట కంప్యూటర్లు రాకముందే మా ఇంట్లో ఉంది. మా తాతగారిది నాగాయలంక దగ్గర పల్లెటూరు. 1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. దివిసీమలో ఆ తేదీ అడిగితే ఇవాళ్టికీ పెద్దవాళ్ళు మాట్లాడ్డం ఆపేసి బయటికి చూస్తారు. సర్కారు లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. మా వాళ్ళు ఒక డాబా ఎక్కి బతికారు. కిందికి దిగాక ఇల్లు లేదు, పశువులు లేవు, గట్లు లేవు. పొలం పొలమంతా ఒక్క ఉప్పుచెక్క. ఎవరి చేను ఎక్కడిదాకానో తెలిసే గుర్తొక్కటి లేదు. దస్తావేజులు ట్రంకుపెట్టెతో సహా కొట్టుకుపోయాయి. రిజిస్ట్రాఫీసు నకళ్ళ కోసం మా తాత ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదట.

ఆ తర్వాత ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు. అసలు కాగితాలు గుడివాడలో అల్లుడింట్లో, అంటే మా ఇంట్లో. నకళ్ళు నాగాయలంకలో. ఏటా ఎండాకాలం వచ్చి పెట్టె దింపి, ఒక్కొక్క కాగితం విప్పి, ఎండలో ఆరబెట్టి, చదివి, మళ్ళీ కట్టి పెట్టేవాడు. "అటక మీద భద్రంగానే ఉన్నాయి కదా, ఎందుకు నాన్నా" అని మా అమ్మ అంటే, "ఉన్నాయని నువ్వంటున్నావు, చెద అనలేదుగా" అనేవాడు. బ్యాకప్ తీసుకుని రెండేళ్ళు తెరవకుండా ఉంచి, తీరా అవసరమొచ్చిన రోజు ఆ డిస్కు కటకటమంటుంటే నా షాపుకొచ్చిన వాళ్ళని చూసినప్పుడల్లా నాకు మా తాత గుర్తొస్తాడు.

సరే, కవుతరం దాటాం. వాటాల సంగతికొద్దాం. అయిదొందల జీబీ అని అమ్ముతారు, తెరిచి చూస్తే 465 ఉంటుంది. మోసమేం లేదు. కంపెనీ వెయ్యికొకటి చొప్పున లెక్కెడుతుంది, మిషన్ 1024కొకటి చొప్పున లెక్కెడుతుంది. పెద్దాయన మాత్రం "తరుగు తీశారు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ధాన్యం అమ్మినవాడికి వేరే వివరణ అక్కర్లేదు.

ఏడో నంబరుకి 60, పదో నంబరుకి 120. లైనక్స్‌కి 40, దాని స్వాప్‌కి 4. మిగిలిన 240 ఉమ్మడి, పెళ్ళి కార్డులూ ఫొటోలూ అన్నీ అందులోనే. మొత్తం 464, మిగతాది స్టార్టింగు సామానుకీ గట్ల కిందకీ. ఆ ఉమ్మడి వాటాని ఎన్‌టీఎఫ్‌ఎస్ రకంలో పెట్టాలి. ఎందుకంటే లైనక్స్ విండోస్ భాష చదవగలదు, విండోస్ లైనక్స్ భాష చదవలేదు. ఇంతే కాదు, లైనక్స్ వాటాకి పొరపాటున ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చారనుకోండి, విండోస్ దాన్ని నొక్కగానే 'దీన్ని వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?' అని ఎంతో మర్యాదగా అడుగుతుంది. పక్కవాడి చేను తనకి తెలియని పంట కాబట్టి బీడనుకుని దున్నేస్తానంటున్నట్టు. చేతి కింద మౌసుంది కదాని ఔనన్నారో, అయిపోయింది.

ఎవర్ని ముందు దింపాలంటే, పెద్దవాణ్ణి ముందు. ఏడు, తర్వాత పది, చివర్న లైనక్స్. ఈ వరసకి కారణం దారి. పెద్దాయన చెప్పిన మూడడుగుల సందు.

పంపకం అరగంటలో అయిపోతుంది, నిజమే. కానీ స్విచ్చి నొక్కగానే ఎవరింట్లోకి వెళ్ళాలి? ఇందాక చెప్పిన ఆ 446 బైట్లలో ఎవరి ప్రోగ్రాము కూర్చుంటే వాడే గుమ్మం దగ్గర పెద్ద. గుడివాడ జంక్షనే చూడండి. బెజవాడ నుంచి వచ్చే లైను అక్కడ చీలుతుంది. ఒకటి బందరు, ఇంకోటి భీమవరం. పాయింట్లు తిప్పేవాడి చేతిలో ఉంటుంది మనం ఎక్కడ తేలతామనేది. లైనక్స్‌తో వచ్చే గ్రబ్ అనే ప్రోగ్రాము అలాంటి కేబిన్‌మాన్. పక్కనెవరున్నారో వెతికి, అందరి పేర్లూ వరసగా రాసి పెట్టి, ఎటు పోతారని అడుగుతుంది. విండోస్ అలా కాదు. పాత పద్ధతి డిస్కు మీద దాన్ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే, ఆ సెక్టారులో ఎవరున్నారని చూడకుండా తన మనిషిని కూర్చోబెడుతుంది. లైనక్స్ ఎక్కడికీ పోదు, దాని 40 జీబీ దానికి ఉంటుంది. భీమవరం స్టేషనూ ఉంది, పట్టాలూ ఉన్నాయి, గుడివాడలో ఆ పాయింటొక్కటీ పీకేశారంతే. అందుకే విండోసులు ముందు, లైనక్స్ చివర్న.

ఈ ప్రయాణం తర్వాతెప్పుడో నాకు ఇదీ జరిగింది. ఓ మాఘమాసం ముహూర్తాల మధ్యలో పదో నంబరు మొరాయిస్తే మళ్ళీ వేశాను. తెల్లారి చూస్తే లైనక్స్ గుమ్మం లేదు. ఆ నెల బిల్లులన్నీ లోపలున్నాయి. ఏడుపొక్కటే తక్కువ. మేనల్లుడు ఫోన్లో, "మావయ్యా, ఇల్లు కాలిపోలేదు, తలుపు కనపడట్లేదంతే" అని, పెన్‌డ్రైవు నుంచి లైనక్స్ లేపించి, రెండు లైన్లు టైపు చేయించి, గ్రబ్‌ని మళ్ళీ గుమ్మంలో కూర్చోబెట్టించాడు. ఇప్పుడొచ్చే లాప్‌టాపుల్లో ఈ బాధ తక్కువ లెండి. జీపీటీ అనే కొత్త దస్త్రంలో 128 వరసలుంటాయి. గుమ్మం కోసమని ఒక చిన్న వసారా లాంటి వాటా విడిగా ఉంటుంది, ఈఎఫ్‌ఐ అని. అందరూ తమ తమ చెప్పులు అక్కడ విడుచుకోవచ్చు. ఒకడి మీద ఒకడు కూర్చోనక్కర్లేదు. వరసలో ఎవడు ముందన్న పేచీ మాత్రం అక్కడా ఉంది.

దారి అయింది, బావి ఉంది. లాప్‌టాప్‌లో అందరూ తోడుకునే బావి ఒకటే, గడియారం. మదర్‌బోర్డు మీద బిళ్ళంత బ్యాటరీతో నడిచే గడియారం. విండోస్ దాన్ని చూసి మనూరి టైమే అనుకుంటుంది. లైనక్స్ చూసి అది గ్రీనిచ్ టైమనుకుని, మన దేశం లెక్క ప్రకారం అయిదున్నర గంటలు కలుపుతుంది. రాత్రి ఎనిమిదింటికి విండోస్ కట్టేసి లైనక్స్ తెరిస్తే అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర, మర్నాటి తారీఖు. నెట్ ఉంటే అదే సర్దుకుంటుంది. కానీ తను సర్దుకున్న టైముని గ్రీనిచ్ లెక్కలో బావిలో పోస్తుంది. ఆ తర్వాత విండోస్ తెరిస్తే మధ్యాహ్నం రెండున్నర.

ఓ రోజు నెట్ లేదు. పామర్రు నుంచి ఒకాయన కూతురి పెళ్ళి కార్డుకి సాయంత్రం పూట అడ్వాన్సిచ్చాడు. లైనక్స్‌లోనే బిల్లు కొట్టి ఇచ్చా. ఆయన ఇంటికెళ్ళి, వాళ్ళావిడకి చూపించి, మర్నాడు పొద్దున్నే ఇద్దరూ షాపు తెరవకముందే వచ్చి నిలబడ్డారు. బిల్లు మీద తారీఖు ఆ రోజుది పడింది. ఆ రోజు అమావాస్య.

"అమావాస్య నాడు పెళ్ళి పని మొదలుపెట్టిస్తారాండీ?" అని ఆవిడ అడిగిన తీరుకి, గ్రీనిచ్ గురించి చెప్పే ధైర్యం నాకు లేదు. "మిషన్ తప్పమ్మా" అన్నా. "మిషన్‌కి పంచాంగం తెలియదా?" అంది. పాత బిల్లు చింపేసి, నిన్నటి తారీఖేసి కొత్త బిల్లు చేత్తో రాసిచ్చి, కార్డు మీద పసుపు బొట్లు ఫ్రీగా పెట్టిస్తానంటే శాంతించింది.

దీనికి మేనల్లుడు చేసిన వైద్యం ఒక్క లైను. రెండు విండోసుల రిజిస్ట్రీల్లో చెయ్యి పెట్టే బదులు, లైనక్స్‌కే 'ఈ గడియారం మనూరిది' అని చెప్పేశాడు. అది పద్ధతి కాదని లైనక్స్ పెద్దలంటారు, ఆ లైను కొట్టగానే మిషన్ కూడా మందలిస్తుంది. ఇద్దరు మొండివాళ్ళూ ఒక మంచివాడూ ఉన్న ఇంట్లో సర్దుకోమని ఎవరికి చెబుతామో మీకు తెలియనిదా.

ఇంకో చిన్న పేచీ. పదో నంబరు విండోస్‌ని షట్‌డౌన్ చేస్తే అది పూర్తిగా పడుకోదు. మర్నాడు తొందరగా లేవడానికని ఒక కన్ను తెరిచి పడుకుంటుంది, ఫాస్ట్ స్టార్టప్ అంటారు. ఆ టైములో ఉమ్మడి వాటా దాని చేతిలోనే ఉన్నట్టు లెక్క. లైనక్స్ వెళ్తే చదువుకోనిస్తుందేమో గానీ రాయనివ్వదు. ఉమ్మడి కొట్టుకి తాళమేసి, తాళంచెవి మొలకి కట్టుకుని అత్తారింటికెళ్ళిన తమ్ముడి టైపు. కంట్రోల్ ప్యానెల్లో దాన్ని ఆపేస్తే సరి.

బండి పెడన దాటి చిలకలపూడి చేరేసరికి పెద్దాయన లేచి కాగితాల కట్ట సర్దుకున్నాడు. బందరులో దిగాం. ఆయన కోర్టుకి ఆటో ఎక్కాడు. నేను పరాసుపేటకి, మేనల్లుడింటికి.

పరాసుపేట అంటే ఫ్రెంచివాళ్ళ పేట. పరాసులంటే వాళ్ళే. వలందపాలెం వలందులది, అంటే డచ్చివాళ్ళది. ఇంగ్లీషుపాలెం ఎవరిదో పేరే చెబుతోంది. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో, ఫ్రెంచివాళ్ళు 1669లో వచ్చి దిగారు. డిస్కు మాత్రం అప్పటికి గోలకొండ సుల్తానులది. ఒక్క ఊళ్ళో మూడు దేశాలు, ఎవరి గోడౌను వాళ్ళది, ఎవరి లెక్కలు వాళ్ళవి, ఎవరి భాష వాళ్ళది, ఆఖరికి శ్మశానం కూడా ఎవరిది వాళ్ళదే. డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఉమ్మడిది ఒక్కటే, రేవు. గొడవంతా రేవు దారి దగ్గరే వచ్చింది. 1750లో ఊరు ఫ్రెంచివాళ్ళ చేతికొచ్చింది, 1759లో ఇంగ్లీషువాళ్ళు కోట పట్టుకున్నారు. మొదటి సెక్టారు పోయింది.

అంత జరిగినా ఒక చిన్న ముక్క మాత్రం ఎవరూ చెరపలేదు. దేశం నిండా ఇంగ్లీషువాడి పాలన నడుస్తున్నా, బందరులో ఫ్రెంచివాళ్ళ లోజ్, అంటే చిన్న వర్తక స్థావరం, కాగితాల మీద వాళ్ళదిగానే ఉండిపోయింది. మనకి స్వాతంత్ర్యం వచ్చాక 1947 అక్టోబరులో గానీ దాన్ని ఒప్పజెప్పలేదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే పేరూ అక్షరమూ లేకుండా ఓ మూల సన్నగా కనపడే ముక్క ఉంటుంది చూడండి, ఎవరు పెట్టారో ఎందుకుందో తెలియక తీయడానికి భయపడతాం, అలాంటిదన్న మాట.

మేనల్లుడు ఆ మధ్యాహ్నం మొత్తం చెరిపి, నేను చెప్పిన కొలతలకే గట్లేసి, మూడూ వరసలో దింపాడు. మా అక్క పెట్టిన పులిహోర తిని, బందరు లడ్డూ పొట్లం పట్టుకుని రాత్రి బండికి వచ్చేశాను.

నాలుగైదు నెలలయ్యాక ఓ ఉదయం షాపు మెట్ల మీద అదే తెల్ల పంచె.

"గుర్తుపట్టారా, పార్టిషన్ పార్టీనండీ" అన్నాడు. పక్కన ఇంకో ఆయన, అదే ముక్కు, కొంచెం నల్ల జుట్టు. తమ్ముడట. లోక్ అదాలత్‌లో రాజీ అయ్యారట. సందు ఇద్దరికీ, బావీ ఇద్దరికీ. తమ్ముడి కూతురి పెళ్ళి, కార్డు వేయించాలి. ఆహ్వానించువారు కింద అన్నగారి పేరు ముందుండాలని తమ్ముడే అన్నాడు. అన్నగారు పైకి వద్దన్నాడు గానీ, గట్టిగా అనలేదు.

డిజైను చూపిద్దామని లాప్‌టాప్ తెరిచి స్విచ్చి నొక్కాను. నల్ల తెర మీద తెల్లక్షరాల్లో పేర్లొచ్చాయి. పైన ఉబుంటు, కింద విండోస్. కింద పది నుంచి అంకెలు తగ్గుతున్నాయి. పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి వంగి చూశాడు.

"ఇవేనా మీ వాటాదార్లు?"

"అవునండీ."

"పైనున్నవాడు పెద్దాడా?"

"కాదండీ, అందరికన్నా చివర వచ్చినవాడు."

"మరి పైకెలా ఎక్కాడు?" అన్నాడు. అని, నేను నోరు తెరిచేలోపే తమ్ముడి వైపు చూసి, "అప్పీలుకెళ్ళుంటాడు" అన్నాడు.

అంకె మూడు దగ్గరుంది. నేను కింది బాణం నొక్కి విండోస్‌లోకి వెళ్ళాను. పెళ్ళి కార్డులు అక్కడున్నాయి మరి.